తలుపులు మూసుకున్న జపాన్‌కు నాలుగు గుమ్మాలు

ఒకినావాలో కూబు ఇరిచీ అని ఒక కూర చేస్తారు. సన్నగా తరిగిన కొంబును పంది మాంసంతో కలిపి వేయిస్తారు. పండగైనా మామూలు రోజైనా అక్కడి ఇళ్లలో కనిపించే కూర ఇది. కొంబు అంటే సముద్రంలో పెరిగే నాచు. వెడల్పాటి పట్టీల్లా పెరుగుతుంది, కోసి ఎండబెట్టి నిల్వ చేసుకుంటారు. చిక్కు ఎక్కడంటే, కొంబుకు చల్లటి నీళ్లు కావాలి. ఒకినావా చుట్టూ ఉన్నది వెచ్చటి సముద్రం. అక్కడ కొంబు పెరగదు. అది బాగా పెరిగేది జపాన్ ఉత్తరపు కొసన, హొక్కైడో తీరంలో. ఈ రెండింటి మధ్య దూరం రెండు వేల కిలోమీటర్ల పైమాటే.

ఈ అలవాటు నిన్నా మొన్నా వచ్చింది కాదు. 18వ శతాబ్దంలోనే కొంబు ఒకినావాకు చేరుతోంది. అప్పటికి ఒకినావా ర్యుక్యు అనే వేరే రాజ్యం. హొక్కైడోలో అత్యధిక భాగం అక్కడి ఆదివాసులైన ఐను ప్రజల నేల. వీటి మధ్యలో ఉన్న జపాన్ గురించి మనలో చాలామంది బడిలో ఒక్క వాక్యంలో చదువుకున్నాం: 1639 నుంచి 1853 దాకా జపాన్ బయటి ప్రపంచానికి తలుపులు మూసుకుని ఉంది, అమెరికా నౌకాధికారి పెర్రీ వచ్చి వాటిని తెరిపించాడు. మరి తలుపులు మూసుకున్న దేశం గుండా ఆ కొస నుంచి ఈ కొసకు నాచు ఎలా వెళ్లింది? ఈ చిన్న ప్రశ్న పట్టుకుని కాస్త దూరం నడిస్తే చాలు, బడిలో చదివిన వాక్యం నిలబడదు. అలాగని "జపాన్ అసలు మూసుకోనే లేదు" అన్న కొత్త వాక్యమూ నిలబడదు. ఆ రెండింటి మధ్య ఉన్న సంగతి చాలా ఆసక్తిగా ఉంటుంది, కొన్ని చోట్ల మనసు కలుక్కుమంటుంది కూడా.

ఆ మాట ఎక్కడిది?

ఆ కాలాన్ని జపాన్ భాషలో "సకోకు" అంటారు. తాళం వేసిన దేశం అని అర్థం. అయితే తాళం వేసిన 1630ల నాటి ఉత్తర్వుల్లో ఈ మాట ఎక్కడా లేదు. అది పుట్టింది 1801లో, అంటే నూట అరవై ఏళ్ల తర్వాత.

పుట్టించినవాడు షిజుకి తదావొ. నాగసాకిలో డచ్చి భాషకు దుబాసీగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేసి పుస్తకాల్లో మునిగిపోయిన మనిషి. న్యూటన్ భౌతికశాస్త్రాన్ని డచ్చి పుస్తకాల ద్వారా జపాన్ భాషలోకి తెచ్చినవాడు. గురుత్వాకర్షణకు ఆయన కల్పించిన పదాలనే జపాన్ పిల్లలు ఇప్పటికీ బడిలో చదువుకుంటున్నారు. ఆయన చేతికి ఎంగెల్బర్ట్ కెంఫర్ రాసిన జపాన్ చరిత్రకు డచ్చి అనువాదం దొరికింది. కెంఫర్ జర్మన్ వైద్యుడు. డచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువులో 1690 నుంచి 1692 దాకా నాగసాకిలో ఉన్నాడు. ఆయన పోయిన తర్వాత 1727లో ఆ చరిత్ర లండన్‌లో ఇంగ్లీషులో అచ్చయింది, అక్కడి నుంచి డచ్చిలోకి వెళ్లింది. దాని చివర ఒక వ్యాసం ఉంది. తన ప్రజలను బయటికి పోనివ్వకుండా, బయటివాళ్లను లోపలికి రానివ్వకుండా ఉండటం జపాన్‌కు మంచిదేనా అన్నది అందులోని చర్చ. మంచిదే అని కెంఫర్ తేల్చాడు. ఆ వ్యాసం శీర్షిక చాంతాడంత ఉండటంతో షిజుకి దాన్ని కుదించి "సకోకు రోన్", అంటే సకోకు మీద చర్చ, అని పెట్టాడు.

ఒక జర్మన్ వైద్యుడి చూపు ఇంగ్లీషు, డచ్చి భాషల మీదుగా తిరిగి ఒక దుబాసీ కలం నుంచి జపాన్ మాటగా బయటికొచ్చింది. తర్వాత తరాలు అదే తమ పూర్వీకుల విధానానికి అసలు పేరు అనుకున్నాయి. ఒక కాలానికి మనం పెట్టే పేరు ఆ కాలం మనుషులు వాడిన పేరే అయి ఉండాలని లేదు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఈ పేరు మీద గొడవ ఇంకా తీరలేదు. 2017 ఫిబ్రవరిలో జపాన్ విద్యాశాఖ బడి పాఠ్యప్రణాళిక ముసాయిదాలో "సకోకు" తీసేసి "షోగున్ ప్రభుత్వ విదేశాంగ విధానం" అని పెట్టింది. షోగున్ అంటే చక్రవర్తి పేరున ఆ రోజుల్లో దేశాన్ని నిజంగా ఏలిన సైనిక పాలకుడు. జనం నుంచి అభ్యంతరాలు వచ్చాయి. మార్చికల్లా పాత మాట మళ్లీ వచ్చి కూర్చుంది. అరనొ యసునోరి, రోనాల్డ్ టోబీ లాంటి చరిత్రకారులు 1980ల నుంచీ చెబుతున్నది ఏమిటంటే, ఆనాటి జపాన్‌కు నాలుగు గుమ్మాలున్నాయి. దక్షిణాన నాగసాకి. కొరియా వైపు త్సుషిమా. ర్యుక్యు వైపు సత్సుమ. ఉత్తరాన ఐను ప్రజల వైపు మత్సుమాయె. ఒక్క నాగసాకి మాత్రమే షోగున్ ప్రభుత్వం నేరుగా చూసుకునేది. మిగతా మూడింటినీ మూడు సంస్థానాలకు అప్పగించింది.

మూసింది ఎవరికి?

ముందు మూసిన సంగతి చూద్దాం, ఎందుకంటే అది నిజం, ఘోరం కూడా. 1633 నుంచి 1639 దాకా వరుసగా ఉత్తర్వులు వచ్చాయి. 1635 నాటిది అన్నిటికన్నా కఠినమైనది. జపాన్ మనిషెవరూ విదేశానికి వెళ్లకూడదు. ఇప్పటికే బయట ఉన్నవాళ్లు తిరిగి వస్తే మరణశిక్ష. ఆ రోజుల్లో ఇప్పటి థాయిలాండ్‌లోని అయుత్థయలో, వియత్నాంలోని హోయి ఆన్‌లో, మనీలాలో జపాన్ వాళ్ల పేటలుండేవి. వర్తకులు, కిరాయి సైనికులు, మతహింస తప్పించుకుని వెళ్లిన క్రైస్తవులు అక్కడ కాపురాలు పెట్టుకున్నారు. ఒక్క ఉత్తర్వుతో వాళ్లందరికీ సొంత ఊరు లేకుండా పోయింది. తరం రెండు తరాల్లో ఆ పేటలు స్థానికుల్లో కలిసిపోయాయి.

1637 చివర షిమబార ప్రాంతంలో రైతులు తిరగబడ్డారు. పన్నుల బాధ ఒకవైపు, క్రైస్తవుల మీద వేధింపు ఇంకోవైపు. పాడుబడిన హారా కోటలో చేరి నెలల తరబడి పోరాడారు. 1638లో కోట పడింది, లోపలున్నవాళ్లను దాదాపు అందరినీ చంపేశారు. మరుసటి ఏడు పోర్చుగీసు వాళ్లను దేశం నుంచి గెంటేశారు. 1640లో వర్తకం మళ్లీ మొదలుపెట్టమని బతిమాలుకోవడానికి పోర్చుగీసు వాళ్ల చేతిలోని మకావు నుంచి ఓడలో దూతలొస్తే 61 మంది తలలు నరికి, కబురు చెప్పడానికి 13 మందిని వెనక్కి పంపారు.

1639లోనే ఐరోపా తండ్రులకు పుట్టిన పిల్లలను, వాళ్ల జపాన్ తల్లులను డచ్చి ఓడల్లో బటావియాకు, అంటే నేటి జకార్తాకు, పంపేశారు. వాళ్లలో ఓహారు అనే పద్నాలుగేళ్ల పిల్ల పేరు జపాన్‌లో ఇప్పటికీ అందరికీ తెలుసు. "జపాన్ మీద బెంగగా ఉంది" అంటూ ఆమె రాసినట్టు చెప్పే ఉత్తరం మీద పాటలే వచ్చాయి. ఆ ఉత్తరాన్ని అచ్చులో పెట్టిన నాగసాకి పండితుడే దాన్ని చాలావరకు అల్లి ఉంటాడని పరిశోధకుల అభిప్రాయం. కానీ ఓహారు నిజం. ఆమెను పంపేయడం నిజం. బటావియాలో పెళ్లి చేసుకుని, పిల్లాపాపలతో 1697 దాకా బతికింది. పుట్టిన ఊరు మళ్లీ చూడలేదు.

మరి తలుపు మూసిందంటే ఏమిటి? మామూలు మనుషుల రాకపోకలు ఆగిపోయాయి. సరుకు, సమాచారం, దూతల రాకపోకలు ఆగలేదు. అవి ఎవరి చేతుల మీదుగా నడవాలో, ఆ లాభం ఎవరికి చేరాలో షోగున్ ప్రభుత్వం నిర్ణయించింది. తలుపు మూసి తాళంచెవి నడుముకు కట్టుకున్న కాపలాదారు లాంటిది ఆ ప్రభుత్వం. నా ఉద్దేశంలో ఈ కథకు కీలకం అదే. తాళంచెవి ఎవరి దగ్గరుందో చూస్తే నాలుగు గుమ్మాల సంగతీ తేలికగా అర్థమవుతుంది.

నాగసాకి: మన తీరం దాకా వచ్చిన రాగి

అందరికీ తెలిసిన గుమ్మం ఇదే. నాగసాకి రేవులో సముద్రాన్ని పూడ్చి కట్టిన దెజిమ దీవి విసనకర్ర ఆకారంలో ఉంటుంది. విస్తీర్ణం మూడెకరాల పైచిలుకు. నిజానికి పోర్చుగీసు వాళ్ల కోసం 1636లో పూర్తి చేశారు. వాళ్లను తరిమేశాక 1641లో డచ్చివాళ్లను హిరాదో రేవు నుంచి తెచ్చి అందులో పెట్టారు. పది పదిహేను మంది డచ్చివాళ్లు, చుట్టూ నీళ్లు, ఊరికి కలుపుతూ ఒక వంతెన, దాని దగ్గర కాపలా. ఏటా అద్దె కట్టాలి. వాళ్ల పెద్ద క్రమం తప్పకుండా ఎదోకు, అంటే నేటి టోక్యోకు, వెళ్లి షోగున్‌కు వంగి నమస్కారం పెట్టి రావాలి.

దెజిమకే పేరు ఎక్కువ వచ్చింది గానీ, నాగసాకిలో అసలు వర్తకం చైనా వాళ్లది. 1688లో ఆ రేవుకు వచ్చిన చైనా ఓడలు దాదాపు రెండు వందలు. మరుసటి ఏడు వాళ్లకూ ప్రహరీ కట్టిన పేట ఏర్పాటు చేశారు. అది దెజిమకు రెండింతల పైనే. ఐరోపా వాళ్లు రాసిన పుస్తకాల ద్వారా ఈ చరిత్ర మనదాకా వచ్చింది కాబట్టి పది మంది డచ్చివాళ్లు బాగా కనిపిస్తారు, వేల మంది చైనా వర్తకులు కనిపించరు.

ఈ గుమ్మం నుంచి ఒక దారి మన బందరు వైపు కూడా ఉంది. డచ్చి కంపెనీ 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో, నిజాంపట్నంలో, పులికాట్‌లో కొట్లు తెరిచింది. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట ఉంది కదా, ఆ "వలందులు" డచ్చివాళ్లే. వాళ్లు నాగసాకిలో కొన్న జపాన్ రాగి కడ్డీలు బటావియా మీదుగా కోరమండల్ తీరానికి వచ్చేవి. ఇక్కడ నాణేలకూ పాత్రలకూ ఆ రాగి వాడేవాళ్లు. ఆ డబ్బుతో ఇక్కడి నేత బట్టలూ అద్దకం బట్టలూ కొని ఆగ్నేయాసియాకు, ఐరోపాకు, కొంతమేర జపాన్‌కు కూడా తీసుకెళ్లేవాళ్లు.

అద్దకం బట్టను జపాన్‌లో "సరస" అన్నారు. చిరివేరుతో తెచ్చిన ఎరుపు అక్కడి వాళ్లకు కొత్త. దొరికే బట్ట తక్కువ, ధర ఎక్కువ. అందుకని జానెడు ముక్కలను కూడా పారేయకుండా తేనీటి పాత్రల సంచులకూ పొగాకు సంచులకూ కుట్టుకునేవాళ్లు. హికొనె సంస్థానాధీశులు సేకరించి దాచిన వందలాది సరస ముక్కలు ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. చారల నూలు బట్టకు "సన్‌తోమె" అని పేరు వచ్చింది. అది మైలాపూర్‌కు పోర్చుగీసు వాళ్లు పెట్టిన పేరు, సావో తోమె. తర్వాత జపాన్ నేతగాళ్లు కవగొయె లాంటి ఊళ్లలో తామే ఆ చారల బట్ట నేయడం నేర్చుకున్నారు. తాళం వేసుకున్న దేశంలో ఒక రకం బట్టకు మన తీరం పేరు స్థిరపడిపోయింది.

రాగి మరీ ఎక్కువగా బయటికి పోతోందని 1715లో ప్రభుత్వం కళ్లెం వేసింది. చైనా ఓడలు ఏటా 30, డచ్చి ఓడలు 2 మించకూడదని లెక్క పెట్టింది. రాగికి బదులు ఏం అమ్మాలి? ఎండబెట్టిన సముద్ర దోసకాయ (సముద్రపు అడుగున ఉండే మెత్తటి జీవి), ఎండు అబలోన్ (ఒక రకం సముద్రపు నత్త), సొరచేప రెక్కలు, కొంబు. వీటన్నిటికీ చైనాలో మంచి గిరాకీ. వీటిలో చాలా భాగం దొరికేది ఉత్తరాన. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మధ్యలో ఒక్క ఏనుగు కథ చెప్పి ముందుకెళ్తాను. షోగున్ యోషిమునె ఏనుగును చూడాలని కోరాడు. 1728లో చైనా వర్తకుడి ఓడలో వియత్నాం నుంచి రెండు ఏనుగులు నాగసాకిలో దిగాయి. ఆడ ఏనుగు కొన్నాళ్లకే చనిపోయింది. మగ ఏనుగును 1729లో ఎదో దాకా దాదాపు 1,400 కిలోమీటర్లు నడిపించుకుంటూ తీసుకెళ్లారు, రెండు నెలలకు పైగా పట్టింది. దారి పొడవునా జనం విరగబడి చూశారు. బొమ్మలు గీశారు, చిన్న చిన్న పుస్తకాలు అచ్చేశారు. క్యోటోలో చక్రవర్తి కూడా చూశాడు. హోదా లేనివాళ్లు చక్రవర్తి ముందుకు రాకూడదు కాబట్టి ఏనుగుకు ఆస్థాన హోదా ఇచ్చారని చెప్పుకుంటారు. 1742 దాకా అది బతికింది.

త్సుషిమా: నకిలీ ఉత్తరాలు

కొరియాకు యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండల దీవి త్సుషిమా. సాగు భూమి బాగా తక్కువ. కొరియాతో వర్తకం లేకపోతే పూట గడవదు. అలాంటి దీవి మీదుగానే అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి సైన్యాలు 1592లో ఒకసారి, 1597లో మరోసారి కొరియా మీద పడ్డాయి. యుద్ధం కొరియాను నాశనం చేసింది. త్సుషిమా బతుకుతెరువు కూడా దాంతోనే పోయింది.

యుద్ధం ముగిశాక సంధి కోసం కొరియా రెండు షరతులు పెట్టింది. కొత్త పాలకుడు ఇయెయసు ముందుగా "జపాన్ రాజు" హోదాలో ఉత్తరం రాయాలి. యుద్ధంలో తమ రాజుల సమాధులు తవ్విన దొంగలను అప్పగించాలి. ఇలాంటి ఉత్తరం రాయమని ఇయెయసును అడిగే ధైర్యం త్సుషిమాను ఏలే సో వంశానికి లేదు. ఆగే స్తోమతా లేదు. 1606లో వాళ్లే ఉత్తరం తయారుచేశారు, ముద్ర కూడా వేశారు. సమాధులతో ఏ సంబంధమూ లేని ఇద్దరు నేరస్తులను పట్టి పంపారు. కొరియా ఆస్థానానికి అనుమానం వచ్చింది, అయినా సరిపెట్టుకుంది. ఉత్తర సరిహద్దులో మంచూ తెగల ఒత్తిడి పెరుగుతుండగా జపాన్‌తో శాంతి వాళ్లకూ అవసరమే.

1607లో కొరియా దూతలు వచ్చారు. తిరిగి వెళ్లేటప్పుడు యుద్ధ బందీల్లో వెయ్యి మందికి పైగా వెంట తీసుకెళ్లారు. ఇక్కడే త్సుషిమాకు ఇంకో చిక్కు వచ్చి పడింది. కొరియా రాజు ఉత్తరంలో "మీ ఉత్తరానికి జవాబు" అని ఉంది. అసలు ఉత్తరమే రాయని ఇయెయసు ప్రభుత్వం అది చూస్తే? కాబట్టి కొరియా ఉత్తరాన్నీ మార్చేశారు. ఆ తర్వాత 1617లో, 1624లో వచ్చిన దూతల విషయంలోనూ ఇదే పని. ఒక అబద్ధాన్ని కాపాడటానికి ముప్పై ఏళ్లు వరుసగా అబద్ధాలాడాల్సి వచ్చింది.

చివరికి సో వంశపు సొంత కొలువులోని యనగావా షిగెఒకి, యజమానితో పడక, ఆ గుట్టు రట్టు చేశాడు. 1635లో షోగున్ ఇయెమిత్సు స్వయంగా విచారణ జరిపాడు. గుట్టు బయటపెట్టిన యనగావాను ఉత్తరాన సుగారుకు ప్రవాసం పంపాడు. సో వంశాధిపతిని ఏమీ అనలేదు. న్యాయంగా చూస్తే ఇది తలకిందుల తీర్పు. కానీ కొరియాతో మాట్లాడటం తెలిసినవాళ్లు సో వంశం తప్ప ఇంకొకరు లేరు. షోగున్ వాళ్లను ఉంచి, ఉత్తరాలు చూసే పనికి క్యోటో నుంచి జెన్ బౌద్ధ సన్యాసులను వంతులవారీగా పంపాడు. "జపాన్ రాజు" అన్న పేచీ లేకుండా 1636 నుంచి షోగున్‌కు "తైకున్" అనే బిరుదు పెట్టారు. మన పత్రికలు వ్యాపారవేత్తలను టైకూన్ అంటాయే, ఆ ఇంగ్లీషు మాటకు మూలం ఇదే.

ఆ తర్వాత ఈ గుమ్మం ఎంత చక్కగా నడిచిందో చూడండి. 1607 నుంచి 1811 దాకా కొరియా నుంచి 12 దౌత్య బృందాలు వచ్చాయి. ఒక్కో బృందంలో 300 నుంచి 500 మంది. దారి పొడవునా జపాన్ పండితులు వాళ్లతో చైనా లిపిలో కాగితం మీద రాసుకుంటూ మాట్లాడి, పద్యాలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు. అటు కొరియాలో, పుసాన్ దగ్గర 1678లో త్సుషిమా వాళ్ల కోసం ఒక పేట కట్టారు. దాని విస్తీర్ణం దాదాపు ఎనభై ఎకరాలు, దెజిమకు ఇరవై రెట్లకు పైనే. దాదాపు అయిదు వందల మంది జపాన్ మగవాళ్లు అక్కడ ఉండేవాళ్లు. విదేశానికి వెళితే మరణశిక్ష అన్న దేశానికి, విదేశంలో ఒక ఊరే ఉంది. 1763-64 బృందానికి పెద్దగా వచ్చిన చో ఓమ్ త్సుషిమాలో చిలగడదుంప చూసి విత్తనం కోసం కొరియాకు పంపాడు. కరువు కాలంలో ఆ దుంపే కొరియా పేదలను ఆదుకుంది.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి అమెనొమోరి హోషూ. త్సుషిమా కొలువులోని పండితుడు, చైనా భాషా కొరియా భాషా పట్టుదలగా నేర్చుకున్నవాడు. కొరియా వాళ్లతో మెలగాల్సిన తీరు గురించి 1728లో తన సంస్థానాధీశుడికి రాస్తూ, మోసం చేయకుండా, పోటీకి పోకుండా, నిజంతో మెలగడమే స్నేహం అన్నాడు. ఫోర్జరీతో మొదలైన గుమ్మంలో కూర్చుని ఆయన ఈ మాట రాశాడు. 1990లో దక్షిణ కొరియా అధ్యక్షుడు రో తే వూ టోక్యో వచ్చినప్పుడు విందు ప్రసంగంలో ఈయనను తలుచుకున్నాడు.

సత్సుమ, మత్సుమాయె: కొంబు నడిచిన దారి

ఇప్పుడు మళ్లీ కొంబు దగ్గరికి. దక్షిణాన సత్సుమ సంస్థానం 1609లో దాదాపు మూడు వేల సైన్యంతో ర్యుక్యు మీద దాడి చేసి, రాజు షో నెయ్‌ను బందీగా పట్టుకెళ్లింది. 1611లో వదిలిపెట్టింది. ఉత్తరపు అమామి దీవులను తానే ఉంచుకుంది. ర్యుక్యు రాజ్యాన్ని మాత్రం మింగేయలేదు, కారణం చైనా. ర్యుక్యు రాజు చైనా చక్రవర్తికి కప్పం కడితే ఆ పేరున చైనా రేవులో వర్తకం చేసుకోవచ్చు. జపాన్‌కు ఆ అవకాశం లేదు. రాజ్యం విడిగా ఉన్నట్టు కనిపిస్తేనే ఆ లాభం సత్సుమకు దక్కుతుంది.

దాంతో రెండున్నర శతాబ్దాల పాటు ఒక నాటకం నడిచింది. కొత్త రాజు పట్టాభిషేకానికి చైనా దూతలు వచ్చి నెలల తరబడి ఉండేవాళ్లు. అన్ని నెలలూ సత్సుమ అధికారులు ఊరు ఖాళీ చేసి గుసుకుమ అనే పల్లెలో దాక్కునేవాళ్లు. జపాన్ నాణేలూ పుస్తకాలూ కంటపడకుండా దాచేయాలని జనానికి ఆజ్ఞలు. అటువైపు ర్యుక్యు దూతలు ఎదోకు వెళ్లేటప్పుడు చైనా పద్ధతి దుస్తులు వేసుకుని, చైనా వాద్యాలు వాయిస్తూ నడవాలి, విదేశీ రాజ్యం తమకు మొక్కుతోందని జపాన్ జనానికి కనిపించాలి. 1634 నుంచి 1850 దాకా ఇలాంటి యాత్రలు 18 జరిగాయి. చైనా వాళ్లకు అసలు సంగతి తెలిసే ఉంటుందని, తెలిసీ ఊరుకున్నారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తన ఊళ్లో తానే రెండు వేషాలు కట్టాల్సి వచ్చిన ర్యుక్యు ప్రజల గురించి ఆలోచిస్తే బాధగా ఉంటుంది.

ఉత్తరాన కథ ఇంకా కష్టం. మత్సుమాయె సంస్థానంలో చలికి వరి పండదు. కాబట్టి అక్కడి దొర తన కొలువువాళ్లకు జీతంగా ఐనులతో బేరం చేసుకునే రేవులను పంచాడు. ఈ హక్కును 1604లో ఇయెయసే రాసిచ్చాడు. ఐనులు అంతకుముందు తామే పడవలేసుకుని నచ్చిన చోటికి వెళ్లి అమ్ముకునేవాళ్లు. ఇప్పుడు ఒక్కడికే అమ్మాలి. కొనేవాడు ఒక్కడే అయితే ధర ఎవరు చెబుతారో వేరే చెప్పక్కర్లేదు. వంద ఎండు సాల్మన్ చేపలకు ఒక బియ్యం బస్తా అన్న లెక్క అలాగే ఉంచి, బస్తాను సగం కన్నా చిన్నది చేశారు.

1669లో షాకుషాయిన్ అనే నాయకుడి వెనుక ఐనులు తిరగబడ్డారు. మత్సుమాయె సేన తుపాకులతో వచ్చింది. సంధి చేసుకుందామని పిలిచి, విందులో షాకుషాయిన్‌ను చంపేసింది. ఆ తర్వాత పట్టు మరింత బిగిసింది. 18వ శతాబ్దంలో రేవులను వర్తకులకు గుత్తకిచ్చారు. వాళ్లు ఐనులను వేటగాళ్ల నుంచి చేపల కూలీలుగా మార్చేశారు. నాగసాకి నుంచి చైనాకు వెళ్లిన సముద్ర దోసకాయలోనూ కొంబులోనూ ఈ కూలీల చెమట ఉంది.

ఈ ఉత్తరపు సరుకును జపాన్ పడమటి తీరం వెంట ఓడలు ఒసాకా వైపు తెచ్చేవి. దారిలో తొయామా ఉంది, ఇంటింటికీ తిరిగి మందులు అమ్మేవాళ్లకు పేరుపడిన ఊరు. సత్సుమ సంస్థానంలో మందులమ్మాలంటే అనుమతి కావాలి. అనుమతికి బదులుగా వాళ్లు సత్సుమకు కొంబు చేరవేశారు. సత్సుమ దాన్ని ర్యుక్యుకు పంపింది. ర్యుక్యు కప్పం ఓడలు చైనాలోని ఫుజౌకు తీసుకెళ్లాయి. అక్కడి నుంచి మందు దినుసులు వెనక్కి వచ్చి తొయామా వాళ్లకే చేరాయి. నాగసాకి హక్కులకు గండి కొట్టే దొంగ వర్తకం ఇది, కానీ గడియారంలా నడిచింది. సత్సుమకు అప్పట్లో యాభై లక్షల ర్యోల (ర్యో అంటే అప్పటి బంగారు నాణెం) అప్పు ఉంది. జుషొ హిరోసతొ అనే మంత్రి ఆ అప్పును 250 ఏళ్ల వాయిదాల్లో వడ్డీ లేకుండా తీరుస్తామని వర్తకులను ఒప్పించి, పంచదారతో, ఈ దొంగ వర్తకంతో ఖజానా నింపాడు. షోగున్ ప్రభుత్వం ఆరా తీసేసరికి 1849 మొదట్లో హఠాత్తుగా చనిపోయాడు. సంస్థానాన్ని కాపాడటానికి విషం తాగాడని నమ్ముతారు. ఇరవై ఏళ్లు తిరగకముందే సత్సుమ సైన్యమే షోగున్ ప్రభుత్వాన్ని కూలదోసింది.

చైనాకు పోగా మిగిలిన కొంబు ఒకినావా వంటిళ్లకు చేరింది. కూబు ఇరిచీ వెనుక ఉన్న దారి ఇది. ఐను కూలీ, మందుల వర్తకుడు, అప్పుల్లో ఉన్న సంస్థానం, రెండు వేషాల రాజ్యం, అందరూ ఆ గిన్నెలో ఉన్నారు.

నిజంగా బిగిసింది ఎప్పుడు?

1630ల ఉత్తర్వుల్లో "ఇక ఎవరితోనూ కొత్తగా సంబంధం పెట్టుకోం" అన్న మాట లేదు. ఆ మాట 1793లో వచ్చింది. ముందు ఏడాది రష్యా అధికారి ఆడమ్ లాక్స్‌మన్ హొక్కైడోలోని నెమురోలో దిగాడు. వర్తకం కోరుతూ, వెంట జపాన్ నావికులను తీసుకొచ్చాడు. వాళ్ల పెద్ద దైకొకుయా కోదాయు. పదేళ్ల కిందట 17 మందితో బయలుదేరిన సరుకు ఓడ తుఫానులో కొట్టుకుపోయి అల్యూషన్ దీవుల్లో తేలింది. అక్కడి నుంచి సైబీరియా అంతా దాటి, మహారాణి కేథరీన్‌ను కలిసి ఇంటికి పంపమని వేడుకున్నాడు కోదాయు. తిరిగి జపాన్ నేల మీద కాలుపెట్టినవాళ్లు ముగ్గురే, వాళ్లలోనూ ఒకరు నెమురోలోనే పోయారు. లాక్స్‌మన్‌కు ప్రభుత్వం ఇచ్చిన జవాబు: సంబంధం లేని దేశాలతో కలవకపోవడం మా పూర్వీకుల చట్టం. అలాంటి చట్టం పాత దస్తావేజుల్లో లేదు. అప్పటిదాకా వాడుకలో నడిచినదాన్ని ఆ రోజు చట్టమన్నారు. ఎనిమిదేళ్లకు షిజుకి దానికి పేరు అందించాడు.

1825లో, కంటపడిన విదేశీ ఓడను ఆలోచించకుండా తరిమెయ్యమని ఆజ్ఞ వచ్చింది. 1837లో మారిసన్ అనే అమెరికా ఓడ ఏడుగురు జపాన్ నావికులను ఇంటికి చేర్చాలని ఎదో అఖాతానికి వచ్చింది. తీరం నుంచి ఫిరంగులు పేల్చారు. కగోషిమ వెళ్లినా అదే. వాళ్లలో ఒకడు ఒతొకిచి, పద్నాలుగు నెలలు పసిఫిక్‌లో కొట్టుకుపోయి అమెరికా ఒడ్డున ప్రాణాలతో తేలినవాడు. సొంత దేశపు కొండలు కనిపించే సముద్రం నుంచి సొంతవాళ్ల ఫిరంగులు అతన్ని వెనక్కి తరిమాయి. తర్వాత షాంఘైలో బతికాడు. దుబాసీగా జపాన్‌కు వచ్చినప్పుడు ఉండిపొమ్మని అడిగినా ఉండలేదు. 1867లో సింగపూర్‌లో చనిపోయాడు.

ఇంతలో దెజిమ డచ్చివాళ్లు ఎప్పటిలాగే ప్రపంచ వార్తలు రాసిస్తూనే ఉన్నారు. చైనా మీద బ్రిటన్ చేసిన నల్లమందు యుద్ధం గురించి చెప్పింది వాళ్లే. అది విన్నాకే 1842లో తరిమేసే ఆజ్ఞ ఎత్తేశారు. 1852లో, వచ్చే ఏడు అమెరికా యుద్ధనౌకలు రాబోతున్నాయని కూడా ముందే చెప్పారు. ప్రభుత్వంలో పైవాళ్లకు తెలుసు, కింద జనానికి తెలియదు.

1853 జూలైలో పెర్రీ నౌకలు ఉరాగా దగ్గర లంగరేశాయి. జపాన్ పడవ ఒకటి దగ్గరికొచ్చింది. అందులో నాగసాకి దుబాసీల కుటుంబం నుంచి వచ్చిన హోరి తత్సునొసుకె ఉన్నాడు. ఓడ పైకి చూస్తూ ఇంగ్లీషులో గట్టిగా అరిచాడు, "నాకు డచ్చి వచ్చు" అని. అమెరికా ఓడలోనూ డచ్చి వచ్చినవాడు ఉన్నాడు. మాటలు ఆ భాషలో మొదలయ్యాయి.